పెద్దాయనకు టోపీ

ఆ ట్రాక్టరుకు జబ్బు చేసిన మాట నిజమే గాని, ఆ జబ్బుకు చదరంగమంటే అంత ఇష్టం ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు నిక్షేపంగా ఉండేది. పొలంలోకి దిగి నాలుగు చాళ్ళు దున్నేది. ఆ తర్వాత రోడ్డు పక్కనున్న సెలూను ఎదురుగా వచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు రెండు దగ్గులు దగ్గి, ఒళ్ళంతా ఒకసారి వణికించి ఆగిపోయేది. నడిపే మనిషి దిగి, బానెట్టు ఎత్తి లోపలికి చూసి, ఆశ వదులుకోమని చెప్పే పెద్ద డాక్టరులా తల అడ్డంగా ఊపి, చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటేవాడు. సెలూను ఆయన అప్పటికే బల్ల మీద పావులు పేర్చి ఉంచేవాడు.

ఒక ఆట పూర్తయ్యేసరికి ట్రాక్టరుకు నయమైపోయేది.

ఆ నడిపే మనిషిని అందరూ నిదానం అంటారు. పెళ్ళయిన కొత్తలో మామగారు ఎవరితోనో "అల్లుడు మంచివాడే, కాస్త నిదానం" అన్నారట. విన్నవాళ్ళు మొదటి ముక్క అక్కడే వదిలేసి చివరి ముక్క ఊరంతా పంచిపెట్టారు. ఇప్పుడు ఆయన అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తాడు.

ట్రాక్టరు కూడా మామగారిదే. పెట్రోలుతో నడిచే పాతకాలపు బండి. మామగారు పోయాక కొడుకుకూ కూతురికీ చెరి సగం వచ్చింది. ట్రాక్టరును మధ్యకు కోయడం కుదరదు కనుక కూతురింటి షెడ్డులో ఉండిపోయింది. ఇంట్లో దాన్ని పెద్దాయన అంటారు. "పెద్దాయన లేచాడా?", "పెద్దాయనకు నీళ్ళు పోశారా?", "పెద్దాయన కింద ఏదో కారినట్టుంది, చూడండి!" ఒకసారి ఇంటికి వచ్చిన దూరపు చుట్టం ఈ సేవకు మురిసిపోయి, వెళ్ళే ముందు పెద్దాయనను పలకరించి వస్తానని షెడ్డులోకి వెళ్ళాడు. చాలాసేపు తిరిగి రాలేదు. వచ్చాక నేరుగా వెళ్ళి చెప్పులు వేసుకున్నాడు.

పెద్దాయన మొదటిసారి సెలూను ముందు ఆగినప్పుడు అందులో మోసం ఏమీ లేదు. నిదానం నిజంగానే కంగారుపడ్డాడు. ఇంజను ముందున్న హ్యాండిల్ తిప్పాడు, బతిమాలాడు, టైరును ఒక తన్ను తన్ని కాలు పట్టుకుని కూర్చున్నాడు. పెట్రోలు ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు. "స్స్స్..." మంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది. మళ్ళీ హ్యాండిల్ తిప్పితే ఇంజను చక్కగా అందుకుంది.

మూత తెచ్చి వెలుగులో పెట్టి చూశాడు. నడినెత్తిన సూది మొనంత చిల్లు ఉంది. అందులో ఏదో పురుగు మట్టి మెత్తి గూడు కట్టుకుంది. పెట్రోలు కిందికి దిగుతున్నకొద్దీ పైన ఖాళీలోకి గాలి రావాలి. ఆ చిల్లు మూసుకుంటే గాలి రాదు, గాలి రాకపోతే పెట్రోలు దిగదు, పెట్రోలు దిగకపోతే బండి కదలదు. కాసేపు వదిలేస్తే మూత మరల సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరి బండి దానంతటదే బాగవుతుంది.

నిదానానికి ఒళ్ళు పులకరించింది. పుట్టి బుద్ధెరిగాక తనంతట తాను కనిపెట్టింది అదొక్కటే. పరిగెత్తుకుంటూ వెళ్ళి భార్యకు చెప్పాలనుకున్నాడు. నాలుగడుగులు వేశాడు కూడా. రోడ్డవతల సెలూను ఆయన చదరంగం బల్ల మీద దుమ్ము దులుపుతున్నాడు.

నిదానం ఆగిపోయాడు.

దున్నకం పూర్తయ్యేదాకా చదరంగం బల్ల ముట్టుకోకూడదని భార్య ఆజ్ఞ. అలాంటి ఇంట్లో, అలాంటి సమయంలో, ఇలాంటి చిల్లు ఒకటి దొరకడమంటే మాటలా?

పురుగు పెట్టిన మట్టి రాలిపోయింది. దాని బదులు ఏం పెట్టాలని ఆలోచించి, పెట్రోలుకు కరగనిది సబ్బేనని గుర్తు తెచ్చుకున్నాడు. పాత డ్రైవర్లు ట్యాంకు కారితే సబ్బు మెత్తేవారు. ఇంట్లో బట్టల సబ్బు నీలం రంగుది. రోజూ పొద్దున్నే చాకిరేవు బండ దగ్గరికి వెళ్ళి, గోటితో శెనగగింజంత గిల్లి, మూతలోని చిల్లులో కూరి, బిగించేవాడు. ట్యాంకు నిండా పోస్తే పైన గాలి తక్కువ కనుక తొందరగా ఆగుతుంది, తక్కువ పోస్తే ఇంకా దూరం వెళ్ళి ఆగుతుంది. సరిగ్గా సెలూను ముందు ఆగాలంటే ఎంత పొయ్యాలో కనిపెట్టడానికి ఆయన పడ్డ శ్రమ దున్నకం మీద పడి ఉంటే ఆ పొలం ఎప్పుడో పూర్తయ్యేది.

మామగారు బతికున్న రోజుల్లో దాన్ని మూత అనేవారు కాదు, టోపీ అనేవారు. "టోపీ లేకుండా నన్నూ చూడలేరు, నా బండినీ చూడలేరు" అని నవ్వేవారు. ఆయన గుడ్డ టోపీ ఇంకా షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉంది. పొద్దున్నే సబ్బు కూరేటప్పుడు నిదానం అటువైపు చూసేవాడు కాదు.

ఇక ఆ భార్య సంగతి. ఏ వస్తువైనా చెడిపోతే ఇంట్లోవాళ్ళ ముఖాలు వాడతాయి, ఆవిడ ముఖం మాత్రం విప్పారుతుంది. కుట్టుమిషను, గోడ గడియారం, ఇస్త్రీపెట్టె, పక్కింటివాళ్ళ ఫ్యాను... విప్పి, నేల మీద వరసగా పరిచి, అలిగిన పిల్లలను దగ్గర కూర్చోపెట్టుకుని అడిగినట్టు ఒక్కొక్కదాన్నీ "నీకేం కష్టం వచ్చిందే?" అని అడుగుతుంది. అవి చెబుతాయి. ఎలా చెబుతాయో నిదానానికి ఇంతవరకు తెలియలేదు. వీధిలో ఆడవాళ్ళు ఆవిడను రిపేరక్క అంటారు.

కొన్నాళ్ళు చూసి రిపేరక్క అడిగింది.

"ఏమండీ, పెద్దాయన రోజూ అక్కడే ఎందుకు ఆగుతున్నాడు?"

"వయసు మీద పడింది కదోయ్."

"వయసు మీద పడితే ఎక్కడైనా ఆగొచ్చు. సెలూను ముందే ఎందుకు? గడ్డం చేయించుకుంటాడా?"

"ఇంజను సంగతులు నీకు తెలియవులే. ఆడవాళ్ళకెందుకు ఈ నూనె మడ్డి?"

"నిజమే, తెలియదు" అంది ఆవిడ చాలా వినయంగా. "మీరు చెప్పండి, తెలుసుకుంటాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఇంత వినయంగా మాట్లాడటం నిదానం వినలేదు. అప్పుడే అనుమానించవలసింది. కాని వినయం ఎదురైతే మగవాడి మెదడు చొక్కా విప్పి చల్లగాలికి కూర్చుంటుంది.

"ఇంజనుకు ముఖ్యంగా కావలసినవి మూడు" అన్నాడు గొంతు సవరించుకుని. "పెట్రోలు, గాలి, నిప్పు."

"అంతేనా? మన పొయ్యిలాగే."

"పొయ్యితో పోలుస్తావేంటి!"

"పొయ్యి ఆరిపోతే నేను చూసేవీ అవే కదా. మూడింట్లో ఏదో ఒకటి అందట్లేదన్నమాట. ఒక్కొక్కటీ చూద్దాం. ముందు నిప్పు."

మర్నాడు ఆవిడ కొంగు బిగించి షెడ్డులోకి దిగింది. ప్లగ్గు ఎలా విప్పాలో అడిగింది. నిదానం చూపించాడు. విప్పిన ప్లగ్గును ఇనుముకు ఆనించి పెడితే నిప్పురవ్వ కనబడుతుందని చెప్పాడు.

"అయితే మీరు పట్టుకోండి. నేను హ్యాండిల్ తిప్పుతాను."

"నెమ్మదిగా తిప్పు. బొటనవేలు వేళ్ళ పక్కనే పెట్టుకోవాలి, చుట్టూ పెట్టకూడదు. ఇంజను ఎదురు తన్నితే వేలు విరుగుతుంది."

"ఇలాగా?"

"అలాగే. ఆగు, నేనింకా సరిగ్గా పట్టుకో... అబ్బా!"

నిదానం గాల్లోకి లేచి, కింద పడకముందే ఇంకోసారి లేచాడు. ఇన్నేళ్ళలో ఆయన అంత చురుగ్గా కదలడం ఎవరూ చూడలేదు.

"నిప్పు బ్రహ్మాండంగా ఉంది" అంది భార్య. "ఇక గాలి."

గాలి వడపోసే డబ్బా విప్పింది. అడుగున నల్లటి మడ్డి, అందులో ఎన్నేళ్ళ దుమ్మో. "పెద్దాయన ఇన్నాళ్ళూ ఈ ముక్కుతోనే ఊపిరి పీల్చాడా పాపం!" అంటూ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, కొత్త నూనె పోసి పెట్టింది. ఆ సాయంత్రం పెద్దాయన గొంతు పదేళ్ళు తగ్గింది. ఇంజను గురగుర మాని గుండ్రంగా మోగుతుంటే నిదానం నోరు తెరుచుకుని విన్నాడు. మామగారి హయాంలో కూడా అది అలా మోగలేదు.

అయినా మర్నాడు సెలూను ముందు ఆగింది. సబ్బు తన ధర్మం తాను నిర్వర్తించింది.

ఆ రోజు నిదానం ఏనుగును ఎటు జరపాలా అని ఆలోచిస్తూ కిటికీలోంచి చూసేసరికి, అన్నం క్యారియరు చేత్తో పట్టుకుని భార్య ట్రాక్టరు పక్కన నిలబడి ఉంది. మెడ వంచి ట్యాంకు వైపు చూస్తోంది. చెయ్యి చాపి మూత తిప్పింది. నిదానం గుండె జారింది. చెయ్యి కూడా జారి మంత్రిని తీసుకెళ్ళి అవతలివాడి బంటు ముందు పెట్టింది.

"ఖాయమేనా నిదానంగారూ?" అన్నాడు సెలూను ఆయన జాలిగా.

ఆవిడ మూత బిగించి, చేతులు దులుపుకుని రోడ్డు దాటింది. "పెట్రోలు ఉందండీ. అన్నం తినండి" అంది. అంతే. నిదానం గుండె తిరిగి ఎక్కింది. ఇంత తెలివైన మనిషికి ఇంత చిన్న చిల్లు కనబడలేదన్నమాట! సంతోషించాడు. ఎందుకో కొంచెం చిన్నబోయాడు కూడా.

"నిప్పుంది, గాలుంది, ట్యాంకులో పెట్రోలుంది" అంది ఆవిడ ఇంటికి వచ్చాక. "ఇక పెట్రోలు నడిచే దారి చూడాలి."

ఆ దారి చూడటానికి ఇంట్లో పళ్ళాలన్నీ షెడ్డులోకి వెళ్ళాయి. ఒక పళ్ళెంలో ట్యాంకు కుళాయి, ఒకదాంట్లో దాని కింద ఉండే గాజు గిన్నె, ఇంకోదాంట్లో జల్లెడ, ఆపైన పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటరు ముక్కలు, విప్పిన వరస తప్పకుండా. గాజు గిన్నెలో తుప్పూ నీటిబొట్లూ ఉన్నాయి, తుడిచింది. కార్బురేటరులో పెట్రోలు మీద తేలే బుడ్డిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల చుక్క చప్పుడు లేదని నిర్ధారించుకుంది. సన్నటి రంధ్రాల్లోకి నోటితో గాలి ఊదింది. నిదానం ఆ పూట అన్నం గిన్నె మూతలో తిన్నాడు. మూత వాలుగా ఉండటంతో చారు ఒకపక్కకు, ఆయన ఒకపక్కకు ఒరిగారు.

ప్రతి ముక్కకూ "ఇదెందుకండీ?" అని అడిగేది. సగం ముక్కలకు జవాబు నిదానానికి తెలియదు. తెలియదని చెబితే పరువు పోతుంది. అందుకని "రేపు తీరిగ్గా చెబుతాను, ఇవాళ తలనొప్పిగా ఉంది" అనేవాడు. పొద్దున్నే గ్రీజు కొనాలనే వంకతో మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, పాఠం చెప్పించుకుని, దారిలో వల్లె వేసుకుంటూ వచ్చి భార్యకు చెప్పేవాడు. ఇంట్లో గ్రీజు డబ్బాలు గుట్ట పడ్డాయి.

ఆవిడ వినేటప్పుడు కళ్ళు ఆర్పేది కాదు. ఒకసారి చెబితే చాలు. క్లచ్చు, గేర్లు కూడా సీటెక్కి తొక్కి చూస్తూనే నేర్చుకుంది. నాలుగు రోజులు పోయాక ఆయన పొరపాటు చెబితే ఆవిడే దిద్దేది. నుదుటి మీద నల్లటి మరకతో, చెవి వెనక పెన్సిలులా స్క్రూడ్రైవరు పెట్టుకుని, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు కొలుస్తున్న భార్యను చూస్తుంటే నిదానానికి పెళ్ళిచూపులు మళ్ళీ జరుగుతున్నట్టుండేది. ఈసారి తను పిల్లకు నచ్చుతాడో లేదోనని భయం కూడా వేసింది.

ఈ లోపల ఇంట్లో ఇంకో కథ మొదలైంది.

"ఏమండీ, మన ఇంట్లో ఎలుక చేరింది."

"ఎలుకా? ఎక్కడ?"

"బట్టల సబ్బు తింటోంది. రోజూ కొంచెం కొంచెం. వింత ఎలుకండీ. పంటి గాటు లేదు, గోటి గాటు ఉంది."

నిదానం నీళ్ళు తాగుతున్నవాడు ముక్కుతో కూడా తాగాడు.

"ఎలుకలకు గోళ్ళుంటాయి కదోయ్!"

"ఉంటాయి. ఇంత పెద్ద గోళ్ళా? పైగా కత్తిరించుకున్న గోళ్ళు."

మర్నాడు పొద్దున్నే నిదానం అలవాటుగా సబ్బు మీద చెయ్యి వేశాడు. "టప్" మని దాని వెనకనుంచి ఎలుకల బోను వచ్చి వేలిని కరిచింది. అరవడానికి వీల్లేదు. ఆ చాకిరేవు బండ చుట్టూ ఆయన నోరు మూసుకుని చేసిన ప్రదక్షిణాలకు పుణ్యమే వస్తే ఏడు తరాలకు సరిపోతుంది.

"వేలికి కట్టేమిటండీ?"

"స్పానరు జారింది."

"అయ్యో! ఇవాళ అందరికీ తగిలినట్టుంది. బోను మూసుకుంది, ఎలుక మాత్రం తప్పించుకుంది. పాపం, దానికి కట్టు కట్టేవాళ్ళెవరో."

ఇలా నవ్వుతూ తుళ్ళుతూ సాగిపోయేదే. కాని అప్పుడే తూకం బావ వచ్చాడు.

తూకం బావ అంటే భార్యకు అన్నయ్య, ట్రాక్టరులో రెండో సగం. ఏది కనబడినా దాని బరువెంతో చెబుతాడు. పసిపిల్లను ఎత్తుకుంటే ముద్దు పెట్టకముందే బరువు చెబుతాడు. పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకును పైనుంచి కిందికి చూసి "ఫరవాలేదు, బాగానే తూగుతాడు" అన్న మనిషి. మనసు మంచిదే, కాకపోతే ముల్లు ఇనుము వైపు మొగ్గుతుంది.

"ట్రాక్టరు రోజూ ఆగిపోతోందట కదా బావా? సెలూను దగ్గర అందరూ చెప్పుకుంటున్నారు."

"అప్పుడప్పుడు..." అని నసిగాడు నిదానం.

"రోజూ ఆగే బండి బండి కాదు, ఇనుము. పాత ఇనుము కొనే ఆయనను ఆదివారం లారీతో సహా తీసుకొస్తాను. ఆ ఇంజను, ఆ నాగలి... మంచి బరువు తూగుతుంది."

"అన్నయ్యా!" అంది భార్య. ఆ గొంతు విని ఇద్దరూ తిరిగి చూశారు. "నాన్న బండి."

"నాన్న బండేనమ్మా. నాకు మాత్రం బాధ లేదా? సరే, ఒక మాట. ఆదివారం నా కళ్ళ ముందు పొలం ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళి, ఒక్కసారి కూడా ఆగకుండా తిరిగి రమ్మను. వస్తే లారీ ఖాళీగా పోతుంది. ఆగితే అక్కడినుంచి అక్కడికే లారీ ఎక్కుతుంది."

అన్నయ్య వెళ్ళాక ఆవిడ షెడ్డులోకి వెళ్ళి ట్రాక్టరు సీటు తుడుస్తూ కూర్చుంది. తుడవడానికి అక్కడ దుమ్మేమీ లేదు. నిదానం గుమ్మంలో నిలబడ్డాడు.

"చిన్నప్పుడు నాన్న నన్నూ అన్నయ్యనూ దీని మీద తిప్పేవాడు" అంది ఆవిడ తల ఎత్తకుండా. "మలుపు దగ్గర అన్నయ్య చేతికి స్టీరింగు ఇచ్చేవాడు. ఒక్కసారి నాకూ ఇవ్వమన్నాను. 'నువ్వు పట్టుకోవడానికి మడ్‌గార్డు ఉందిగా తల్లీ' అన్నాడు. ప్రేమగానే అన్నాడు లెండి."

నిదానం గోటి కింద ఇరుక్కున్న నీలం సబ్బును గీకి తీశాడు. తన ఒక పూట ఆట కోసం పెద్దాయన లారీ ఎక్కబోతున్నాడు. ఆవిడ పట్టుకున్న ఆ మడ్‌గార్డు కూడా.

"నేనొక మాట చెప్పాలోయ్..."

"ఆదివారం తర్వాత చెప్పండి. ఇప్పుడు నా మనసు బాగాలేదు."

చెప్పడం కుదరలేదు, చెయ్యడం కుదురుతుంది కదా అనుకున్నాడు. ఆదివారం పొద్దున్నే లేచి, భార్య తల పిన్ను ఒకటి తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. టోపీ విప్పి సబ్బు తవ్వబోయాడు. ఇన్నాళ్ళ సబ్బు ఎండి రాయిలా బిగుసుకుంది. గట్టిగా గుచ్చాడు. తిప్పాడు. ఇంకొంచెం గట్టిగా తిప్పాడు.

"టిక్."

సగం పిన్ను ఆయన చేతిలో ఉంది. మిగతా సగం చిల్లులో ఉంది. లాగితే రాదు, నెడితే పోదు. ఇన్నాళ్ళూ మాయరోగంతో బాధపడ్డ పెద్దాయనకు ఇప్పుడు అసలు రోగం పట్టుకుంది.

ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. టోపీ బిగించకుండా వదులుగా పెడితే పక్కలనుంచి గాలి పోతుంది. అలాగే పెట్టి, స్నానానికి వెళ్ళాడు. నీళ్ళు పోసుకుంటుంటే ఎక్కడో "టక్ టక్" మని సుత్తి చప్పుడైంది. భార్య కొత్త నూనె డబ్బాకు చిల్లులు పొడుస్తోంది కాబోలు అనుకున్నాడు. ఇంత కష్టంలో కూడా వంట మానని ఇల్లాలిని తలుచుకుని కళ్ళు చెమర్చాయి.

తూకం బావ లారీతో వచ్చాడు. లారీ ఆయన రోడ్డు మీద దిగి, ట్రాక్టరును ఇప్పటికే తనదన్నట్టు చూస్తున్నాడు. పెద్దాయనను పొలం గట్టు దగ్గర నిలబెట్టారు. తూకం బావ చుట్టూ తిరిగి చూసి, ట్యాంకు దగ్గర ఆగాడు.

"పెట్రోలు నిండా ఉంది, మంచిదే. ఇదేంటి బావా, మూత వదులుగా ఉంది? పెట్రోలంతా చిందిపోదూ?"

"వద్దు బావగారూ, అది అలాగే..."

"నువ్వు ఎప్పుడూ ఇంతే" అంటూ తూకం బావ, బరువులెత్తిన చేతులతో, టోపీని మెడ విరిచినట్టు బిగించేశాడు.

నిదానం కళ్ళ ముందు పొలం గిర్రున తిరిగింది. నిండు ట్యాంకు, మూసిన చిల్లు. సెలూను దాకా కూడా పోదు.

"ఎక్కు బావా" అన్నాడు తూకం బావ.

"నేను నడుపుతాను" అంది భార్య.

ఇద్దరు మగవాళ్ళూ, లారీ ఆయనతో సహా ముగ్గురూ ఆవిడ వైపు చూశారు.

"నీకు రాదు కదే!"

"ఆగితే ఎలాగూ ఇనుమేనన్నావు కదన్నయ్యా. ఇనుమును ఎవరు నడిపితే ఏం?"

తూకం బావ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆవిడ కొంగు నడుముకు చుట్టింది. కుళాయి తిప్పింది. ముందుకు వెళ్ళి, బొటనవేలు వేళ్ళ పక్కనే పెట్టుకుని, హ్యాండిల్ ఒక్క లాగు లాగింది. ఇంజను అందుకుంది. చేతిసంచిలోంచి నాన్నగారి గుడ్డ టోపీ తీసి, ఒకసారి దులిపి, తల మీద పెట్టుకుని సీటెక్కింది. పెళ్ళిపీటల మీద కూడా అంత నిటారుగా కూర్చోలేదు ఆవిడ.

పెద్దాయన కదిలాడు. నాగలి నేలలోకి దిగింది. వెనక నల్లటి మట్టి రిబ్బను విప్పినట్టు తిరగబడుతోంది. చాలు తాడు పట్టి గీసినట్టు వెళుతోంది. నిదానం దున్నే చాళ్ళు ఎప్పుడూ సెలూను వైపు కొంచెం వంగి ఉండేవి.

నిదానం గట్టు వెంబడి పరిగెత్తాడు. ఇప్పుడు దగ్గుతుంది. ఇదుగో ఇప్పుడు. దగ్గలేదు. రోడ్డవతల సెలూను ఆయన ట్రాక్టరు చప్పుడు విని అలవాటుగా పావులు పేర్చి, గుర్రం చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పెద్దాయన ఆయన ముందునుంచే, ముఖం కూడా తిప్పకుండా వెళ్ళిపోయాడు. సెలూను ఆయన గుర్రాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

చివరిదాకా వెళ్ళింది. మలుపు దగ్గర స్టీరింగు ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. తిరిగి వచ్చింది. గట్టు దగ్గర నిలిపి, తను ఆపాలనుకున్నప్పుడు ఇంజను ఆపింది.

తూకం బావ ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత చెల్లెలి నెత్తి వైపు చూసి, "నాన్న టోపీ నీకు సరిగ్గా సరిపోయింది" అన్నాడు. బరువెంతో మాత్రం చెప్పలేదు. లారీ ఖాళీగా వెళ్ళింది.

అందరూ వెళ్ళాక నిదానం ట్యాంకు దగ్గరికి వచ్చి, అద్భుతం జరిగిన చోటును చూసినట్టు చూశాడు.

"అసలెలా నడిచిందే ఇది?"

ఆవిడ ట్యాంకు టోపీ విప్పి ఆయన చేతిలో పెట్టింది. నడినెత్తిన చిల్లులో తల పిన్ను సగం. దాని పక్కనే, మేకుతో పొడిచిన కొత్త చిల్లు.

"నూనె డబ్బాకు ఒక్క చిల్లు పొడిస్తే నూనె దిగుతుందా? రెండోది పొడవాలి, గాలి కోసం. ఈ పని నేను కాపురానికొచ్చిన రోజునుంచీ చేస్తున్నాను. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు పొడిచాను."

"అంటే... నీకు..."

"క్యారియరు తెచ్చిన రోజే తెలిసింది. మూత తిప్పగానే ట్యాంకు 'స్స్' మంది. వేలితో తడిమితే నీలం సబ్బు."

"అన్ని రోజుల క్రితమే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు? కార్బురేటరు విప్పావు, పాయింట్లు విప్పావు, నాచేత గిన్నె మూతలో అన్నం తినిపించావు!"

"ఆ రోజే చెప్పుంటే ఏమయ్యేది? మీరు సబ్బు తీసేసేవారు, బండెక్కేవారు. నేను మడ్‌గార్డు పట్టుకునేదాన్ని" అంది ఆవిడ నెమ్మదిగా. "ఇంజను సంగతి అడిగితే ఆడవాళ్ళకెందుకన్నారు. బాగుచేద్దామంటే మాత్రం ప్రతి ముక్కా పేరు పెట్టి చెప్పారు. బాగా చెప్పారండీ. మీరు చెప్పకపోతే నాకు వచ్చేది కాదు."

నిదానానికి కోపం రావలసింది. దారిలో ఎక్కడో ఆగిపోయింది. పది వాక్యాలు వెతికి, చివరికి ఒకటి దొరికింది.

"మరి ఎలుకల బోను?"

"అది మాత్రం సరదాకి."

ఆయన టోపీని ఇటూ అటూ తిప్పి చూశాడు. "నీకు టోపీ పెట్టాననుకున్నాను" అన్నాడు చివరికి.

"పెట్టారు కదా" అంది ఆవిడ, తల మీది గుడ్డ టోపీ సర్దుకుంటూ. "బాగుందా?"

బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఆ మాట చెప్పేలోగా ఆవిడ హ్యాండిల్ లాగడానికి వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి దున్నకం ఆవిడది. బట్టలు ఉతకడం ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. సబ్బుతో బాగా పరిచయమున్న మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నారు కనుక ఎక్కువ చర్చ జరగలేదు. మొదట్లో నిదానం లోలోపల సంతోషించాడు కూడా. బట్టలు తొందరగా ఉతికేస్తే మిగతా రోజంతా చదరంగమే కదా! ట్రాక్టరు మడ్డి అంటిన చీరలు ఎంతసేపు ఉతకాలో ఆయనకు అప్పటికి తెలియదు.

మధ్యాహ్నం సెలూను ఆయన బల్ల చంకలో పెట్టుకుని ఇంటికే వచ్చాడు.

"ఏమండీ నిదానంగారూ, పెద్దాయన ఇవాళ కూడా ఆగలేదు. నేను పావులు పేర్చి కూర్చున్నాను. జబ్బు పూర్తిగా నయమైపోయిందా?"

"ఆయనకు నయమైంది" అన్నాడు నిదానం, మోచేతుల దాకా నురగతో. నీలం సబ్బు మీద తన గోటి గాట్లు ఇంకా చెరగలేదు. ఆ సబ్బునే చీర మడ్డి మీద పెట్టి రుద్దాడు. "నాకే ఇంకా కొన్నాళ్ళు పట్టేట్టుంది."